రెక్క చూపడానికి మిగలని కోళ్లు

బళ్లారి గాంధీనగర్‌లో మా ఇంటి అరుగు మీద పొద్దునపూట ఎండ ఒక్క మూలనే పడుతుంది. పక్కింటి పాప, ఇంకా బడి ముఖం చూడని వయసు, ఆ మూల తనదేనని ఎవరినీ అడక్కుండానే తీర్మానించుకుంది. మొన్నొక ఆదివారం అక్కడ చతికిలబడి, నేను రాసిన కోళ్ల బొమ్మల పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది. మెడకు మఫ్లరు చుట్టుకుని, కాళ్లు ఆకాశానికి పెట్టిన కోడిని చూసి ఒకటే నవ్వు. సరిగ్గా పట్టుకుని చదివినవాళ్లు అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు కనుక, ఆ పొరపాటు దిద్దకుండా పేపరు చాటున కూర్చుని ఆనందిస్తున్నాను. ఉన్నట్టుండి నవ్వు ఆపి అడిగింది: “తాతా, ఈ కోడి ఇప్పుడు యాడుండాది?”

తాత అన్నందుకు మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజమే. నాకింకా ఆ వయసు రాలేదు, జుట్టు ఒక్కటే తొందరపడింది. కానీ అసలు ఇబ్బంది అది కాదు. అబద్ధం కోసం వెతుక్కోవలసిన అవసరం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు రాలేదు. బ్రూస్‌పేటలో నాకొక బట్టల కొట్టు ఉంది. జాకెట్టు గుడ్డకు వచ్చిన ఆడవాళ్లయినా, లుంగీకి వచ్చిన మగవాళ్లయినా గుడ్డ కొలిచేలోపు నా దగ్గర ఒక కథ విని పోవలసిందే. మా తాత ఒక ఎండాకాలం బళ్లారి కొండ నీడను చాపలా చుట్టి ఎద్దులబండి మీద తన ఊరికి తోలుకుపోయాడనీ, అందుకే ఈ ఊళ్లో ఇప్పటికీ నీడ తక్కువనీ ఒకాయనకు చెప్పాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, “మళ్లా తెచ్చి ఇయ్యకపాయనా, అంత మంచోడు కాదన్నమాట మీ తాత” అని లుంగీ చంకన పెట్టుకుని పోయాడు. అలాంటి బేరాలు చేసిన నోటికి ఆ పొద్దు ఒక చిన్నపిల్ల ముందు మాట తట్టలేదు. “మేతకు పోయింది” అన్నాను. పాప నా మొహంలోకి చూసి, పేజీ తిప్పింది. నమ్మలేదు.

ఆ కోడి మా మేనత్త పెరట్లో పుట్టింది. ఆమెది కంప్లి దగ్గర, కాలువ కింద వరి పండే ఊరు. ఆమె కూతురినే నేను చేసుకున్నాను కాబట్టి నాకు రెండు విధాలా అత్త. మేనత్తగా నన్ను ముద్దు చేసేది, పిల్లనిచ్చిన అత్తగా అనుమానించేది. రెండూ ఒకే పూట, ఒకే పీట మీద జరిగేవి. “తిను నాయనా, ఇంకో ముద్ద” అంటూ వడ్డిస్తూనే, “పోయినసారి చెప్పినవన్నీ అబద్ధాలేనంట గదప్పా” అని నిలదీసేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఉన్న పొలం గుత్తకిచ్చి, ఇంటిముందు పందిరి, వెనక పెరడు, పెరట్లో కోళ్లు, వీధిలో నలుగురూ, ఇంతే ఆమె లోకం. పొద్దస్తమానం ఆ పందిరి కింద ఎవరో ఒకరు ఉండేవారు. మజ్జిగకని, పేలు చూపించుకోడానికని, మొగుడి మీద చెప్పుకోడానికని వచ్చేవారు. ఏ పనీ లేకపోతే ఊరికే వచ్చేవారు.

మా ఆవిడకు బొమ్మలు గీసే చెయ్యి ఉంది. పుట్టింటికి పోయినప్పుడల్లా పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కోళ్లను గీసేది. నేను పక్కన చేరి, ఆ కోడి ఏమనుకుంటుందో, నిన్న ఎవరితో పోట్లాడిందో, ఏ ఊరికి ప్రయాణం కట్టిందో చెప్పేవాణ్ణి. అలా కూడిన బొమ్మలూ మాటలూ ఎవరో చూసి, ఇంకెవరికో చూపించి, చివరికి పిల్లల పుస్తకాలయ్యాయి. పేజీకి ఒక బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో తెలుగులో ఒక వాక్యం, దాని కింద అదే వాక్యం కన్నడంలో. మా వైపు పిల్లలకు రెండూ కావాలి. మా ఆవిడ గీతకు మాత్రం అబద్ధం చేతకాదు. నేను ఎన్ని కోతలు కోసినా కోడిని ఉన్నదున్నట్టే గీసేది. మఫ్లరు నాది, కోడి ఆవిడది.

ఆ మఫ్లరు కోడి పేరు బోడిమెడ. మెడ మీద ఒక్క ఈక లేకుండా పుట్టిన జాతి. చలికాలం వస్తే అది ఇంటింటికీ తిరిగి మెడకు చుట్టుకోడానికేమన్నా ఇవ్వమని అడుక్కుంటుందని నా కథ. సావుకారి అనే ఇంకో పెట్ట ఉండేది. బాగా బలిసింది. తన ఇంట్లో తప్ప ఊరందరి ఇళ్లలో గుడ్లు పెట్టేది. పుంజు పేరు తాసిల్దారు. ఎందుకంటే అది ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. తెల్లారి జనం పొలాలకు పోయాక, తీరిగ్గా గోడెక్కి ఒక కూత కూసి, తన వల్లనే ఊరు లేచిందన్నట్టు అటూ ఇటూ చూసేది. ఒకసారి గంగావతి సంతకు పోతూ అత్త దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు దానికి అర టిక్కెట్టు కొట్టాడు. పుస్తకంలో ఈ సంగతి చదివి బెంగళూరు నుంచి ఒకావిడ, మీ కల్పన అద్భుతం అని మెచ్చుకుంది. నా పుస్తకాలన్నిటిలో నిజమైనది ఆ ఒక్కటే అని నేనామెకు చెప్పలేదు. అమ్మకానికని పోయిన అత్త, టిక్కెట్టు ఉన్న ప్రయాణికుణ్ణి అమ్మడం ధర్మం కాదని మళ్లీ ఇంటికి తెచ్చుకుంది.

ఈ కోళ్లన్నీ అత్త పెరట్లోనే ఉండేవని అనుకుంటే పొరపాటు. తాసిల్దారూ ఒకటి రెండు పెట్టలూ తప్ప మిగతావి, సాయంత్రం నూకలకు అత్త పిలిస్తే వచ్చినా, వీధిలో తలా ఒక ఇంట్లో ఉండేవి. మా వైపు దాన్ని పాలికివ్వడం అంటారు. పాలు అంటే వాటా. కోడిపెట్ట అత్తది, సాకేది వాళ్లు. అది పొదిగి పిల్లలు చేస్తే సగం వాళ్లకు, సగం అత్తకు. తల్లి మాత్రం ఎప్పటికీ అత్తదే. కూలికి పోయే ఇళ్లలో ఆ సగమే పండక్కి కూర, చంటిదానికి గుడ్డు. కాగితం లేదు, సాక్షి లేడు. ఒక్కటే కట్టడి. కోడి చస్తే, కుక్క పట్టినా ముంగిస పట్టినా రోగమొచ్చినా, సాకిన ఇల్లాలు దాని రెక్క ఒకటి తెచ్చి రెండు చేతుల్లో పెట్టి అత్తకు చూపించాలి. అమ్ముకోలేదు, కోసుకోలేదు, నిజంగానే పోయింది అని చెప్పడమన్నమాట. అత్త ఆ రెక్కను మోకాలి మీద విప్పి, బొటనవేలితో ఈకలు దువ్వి చూసి, “పాలు తీరింది” అనేది. రెక్క వెనకనున్న ఎరువు దిబ్బలోకి పోయేది. తర్వాత ఒక మంచి పిల్లను చూసి ఆ ఇంటికి మళ్లీ ఇచ్చేది. రెక్క చూపనంతవరకూ మాత్రం ఆ కోడి బతికున్నట్టే లెక్క. ఒకసారి ముంగిస రెక్కలతో సహా ఎత్తుకుపోతే, ఒక ముసలమ్మ వరిగట్లన్నీ తిరిగి ఒకే ఒక్క ఈక పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. “ఈక చాలమ్మా” అని అత్త ఆమెను లోపలికి పిలిచి అన్నం పెట్టింది.

పుస్తకాలు అచ్చయి వచ్చినప్పుడు కోడి ఉన్న ఇంటికల్లా ఒకటి పంచాము, ఎవరి కోడి వాళ్లింటి పేరు నిలబెట్టింది కనుక. పిల్లలు పుస్తకం పక్కన పెట్టుకుని కోడిని తిట్టేవారు: “చూడే, బొమ్మలో ఎంత బుద్ధిగా ఉండావో.”

నాలుగైదేళ్ల కిందట, చలికాలం పోతుండగా, కాలువ అవతలి కోళ్ల ఫారంలో కోళ్లు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలుతున్నాయని మాట వచ్చింది. ఆ తర్వాత వరి మళ్లలో కాకులు చచ్చి పడ్డాయి. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుకున్నవాళ్లు కాకిని చూశాక నవ్వడం మానేశారు. పై ఊరు నుంచి అధికారులు వచ్చి, పక్షుల జ్వరమని చెప్పి, పటం మీద ఫారం చుట్టూ ఒక గుండ్రం గీసి, దాని లోపల ఉన్న కోడన్నది మిగలకూడదన్నారు. మా అత్త వీధి ఆ గుండ్రంలో పడింది. మా ఆవిడ కంగారుగా ఉందంటే నేను కొట్టు మూసి ఆమెను తీసుకుని వెళ్లాను.

మేం పోయేసరికి వీధి మొదట్లో జీపు ఉంది. తలనుంచి పాదం దాకా తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు వలలు పట్టుకుని తిరుగుతున్నారు. పెరటికోళ్లు ఫారం కోళ్లు కావు. గడ్డివామి ఎక్కాయి, కంపల్లో దూరాయి, వేపచెట్టు మీద కూర్చున్నాయి. ఎండకు ఆ తొడుగుల్లో చెమటలు కారిపోతూ వాళ్లు పరుగెత్తడం, కోళ్లు ఎగరడం, తలుపుల వెనక పిల్లలు కిసుక్కుమనడం చూస్తే, అచ్చం నా పుస్తకంలో పేజీలా ఉంది. చాలాసేపు ఒక్కటీ చిక్కలేదు. అప్పుడు వాళ్ల పశువుల డాక్టరు, చిన్నవాడే, మా పందిరి దగ్గరికి వచ్చాడు. వీధిలో ఎవరో చెప్పి ఉంటారు. అతను కన్నడం మనిషి. “అజ్జీ, నీవు కరెదరె బర్తావంతె” అన్నాడు. నువ్వు పిలిస్తే వస్తాయట గదా అని.

“వస్తే ఏం చేస్తారప్పా?” అని అడిగింది అత్త, తెలిసీ.

అతను తలుపుల సందుల్లో ఉన్న పిల్లల వైపు చూసి, వచ్చీరాని తెలుగులో, “పిల్లలకి తగల్తది అజ్జీ. వాళ్లు ముట్టుకుంటారు. పట్టుకొని పండుకుంటారు” అన్నాడు. అది నిజం. ఎదురింటి పాప బోడిమెడను చంకలో పెట్టుకునే నిద్రపోయేది.

అత్త లేచింది. చేటలో గుప్పెడు నూకలు పోసుకుంది. కొంగు సర్దుకుని పెరట్లో నిలబడి, ప్రతి సాయంత్రం పిలిచినట్టే పిలిచింది. “బో... బో బో బో...” గొంతులో ఏ తేడా లేదు. వచ్చాయి. గడ్డివామి మీదనుంచి, కంపల్లోనుంచి, పక్కిళ్ల వసారాల్లోనుంచి రెక్కలు టపటపలాడించుకుంటూ పరుగెత్తి వచ్చాయి. సావుకారి ఊగుతూ వచ్చింది. బోడిమెడ అందరినీ తోసుకుని ముందుకొచ్చి ఆమె కాలివేళ్లను పొడిచింది. తాసిల్దారు అన్నిటికన్నా ఆలస్యంగా, గోడ మీద కాసేపు నిలబడి, అప్పుడు దిగాడు. ఆమె నూకలు చల్లింది. అవి తల వంచి తింటుండగా వల పడింది.

ఆ తరువాతి పని వాళ్లు వీధి చివర టార్పాలిన్ చాటున చేశారు. కాలువగట్టు పక్కన జేసీబీతో గుంత తవ్వి, సున్నం పోసి పూడ్చారు. మళ్లీ వచ్చి రాలిన ఈకలు కూడా ఊడ్చి, పెరళ్లన్నీ తెల్లగా పొడి చల్లి పోయారు. నా జీవితంలో జరిగిన ప్రతిదానికీ నేను అంతో ఇంతో కలిపి చెబుతాను. ఆ సాయంత్రానికి మాత్రం కలపడానికి చోటు దొరకలేదు.

మా ఆవిడ తల్లి దగ్గర ఉండిపోయింది. నేను కొట్టు చూసుకుంటూ వారం వారం వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా అత్త ఇంకాస్త తగ్గి కనబడేది. మొదట నోరు చేదుగా ఉందంది. తర్వాత ఆకలి లేదంది. ఆ తర్వాత ఏమీ చెప్పకుండానే కంచం పక్కకు జరిపేది. జాకెట్టు భుజాల మీదనుంచి జారిపోతోంది. కంప్లిలో డాక్టరు సెలైను సీసా ఎక్కించి, రోగమేం లేదు, తినకపోతే మాత్రం నేనేం చేయలేనన్నాడు. కోళ్ల మీద బెంగ అనుకున్నాం. అది కొంతే. అసలు సంగతి నాకు పందిరి చూస్తే గాని అర్థం కాలేదు. పందిరి కింద ఎవరూ లేరు. గుడ్డలు ఉతకడానికి కాలువకు పోయే ఆడవాళ్లు మా గుమ్మం ముందునుంచి పోవడం మానేసి, వెనక కంపల సందులోంచి చుట్టు తిరిగి పోతున్నారు. పిల్లలు కూడా అంతే. అత్త నులకమంచం మీద పడుకుని, ఆ కంపల వెనక కదిలే తలల్నే చూస్తూ ఉండేది.

“చూడప్పా” అంది ఒకనాడు. “నేను పిలిచి పట్టించినానని నా గడప తొక్కడం ల్యా ఎవురూ. నిజమే గదా. నమ్మి వచ్చినవాటిని పట్టించినాను. నా మొగం ఎవురు చూస్తారు?”

అట్లా అనుకోవద్దని కూతురు చెప్పింది, నేనూ చెప్పాను. గోడకు చెప్పినట్టయింది. మనిషి మా కళ్లముందే ఆరిపోతోంది, ఆపే దారి తెలియడం లేదు. నాకు చేతనైన విద్య ఒకటే గనుక దాన్నే బయటికి తీశాను. మంచం కోడు పక్కన కూర్చుని, కోళ్లు గుంతలోకి పోనేలేదని మొదలుపెట్టాను. దారిలో తాసిల్దారు జీపు ఆపించి, అర టిక్కెట్టు చూపించి, సర్కారు ప్రయాణికుణ్ణి పూడ్చే అధికారం మీకెక్కడిదని కన్నడంలో వాదించి, అందరికీ హంపికి బదిలీ వేయించుకున్నాడని చెప్పాను. ఇప్పుడక్కడ కోతుల మీద పెత్తనం చేస్తున్నాడనీ, సావుకారి గుడ్డు ఎక్కడ పెడితే అక్కడికి విదేశీయులు వచ్చి ఫొటోలు తీస్తున్నారనీ చెప్పాను. మామూలు రోజుల్లో అయితే సగంలోనే చీపురు తిరగేసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ పొద్దు చివరిదాకా విన్నది.

“నేను పిలిచినప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదప్పా” అంది.

అంతే. ఎన్నో ఏళ్లుగా నా కథలకు దొరికిన జవాబులన్నిటిలోకీ అది చాలా మెత్తనిది. నేను లేచి బయటికి వచ్చేశాను.

ఎదురింట్లో కోడలు బండ మీద గుడ్డలు ఉతుకుతోంది. బోడిమెడను సాకింది ఆమే. నాట్లకు పోయే మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నన్ను చూసి లోపలికి పోబోయింది.

“ఏమ్మా, మా అత్త మీద అంత కోపమా మీకందరికీ?” అన్నాను.

“కోపమా? ఎవురికన్నా?”

“మరి గడప తొక్కరే?”

ఆమె గుడ్డ కింద పెట్టింది. “ఎట్ల తొక్కాల? చేతుల్లో ఏం పట్టుకోని రావాల? బోడిమెడ పాయ. రెక్క యాడుండాది? చేతులూపుకుంటా పోయి, పెద్దమ్మా నీ కోడి సచ్చిపాయ అని నిలబడాల్నా? వీధంతా అదే బాధన్నా. ఆయమ్మ ఎదురైతే మొగం యాడ పెట్టుకోవాల్నో తెలీక, కంపల్లో కాళ్లు గీరుకుంటా పోతాండాం.”

“వాళ్లు ఎత్తుకుపోవడం అత్త కళ్లారా చూసింది గదమ్మా.”

“చూడ్డం వేరే, చూపీడం వేరే” అంది.

అత్త ఏమనుకుంటోందో, ఎందుకు తినడం లేదో చెప్పాను. ఆమె ఆ తడి బండ మీదే కూర్చుంది. “మా పిల్లోళ్లకు తగలగూడదనే గదా పిలిచె. ఆ మాత్రం మాకు తెలీదా” అంది. అయితే ఆ మాటే వచ్చి చెప్పమన్నాను. చెప్తా గానీ ఉత్త చేతులతో ఎట్ల వచ్చేదని మళ్లీ అక్కడికే వచ్చింది. నాకు వెంటనే ఉపాయం తట్టింది. గుండ్రానికి బయట, దూరంగా ఎక్కడైనా మాంసం కొట్టులో ఒక నాటుకోడి రెక్క సంపాదించి తెస్తాను, చూపించమన్నాను. ఆమె నన్ను దొంగను చూసినట్టు చూసింది. “పాలు కాడ అబద్ధమా? నీ కొట్లో చెప్పుకో అన్నా అట్లాంటియి” అంది.

మేమిట్లా వాదులాడుకుంటుంటే ఆమె చిన్నకూతురు లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. కోడిని చంకలో పెట్టుకుని పడుకునేది ఈ పాపే. మఫ్లరు పేజీ తీసి తల్లి మోకాళ్ల మీద పెట్టి, “ఇదుండాది గదమ్మా” అంది.

“అది బొమ్మ. సుమ్నే ఉండు” అని తల్లి నోరు మూయించింది.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె వచ్చి బండ పక్కన కూర్చుని, “బొమ్మే వదినా. కానీ మీ కోడిని ముందర పెట్టుకోని గీసిందే. ఎడమకాలు చూడు” అంది. తల్లి చూసింది. చిటికెన వేలి గోరు విరిగి ఉంది. నేను అన్ని ఏళ్లలోనూ ఆ గోరు గమనించలేదు. “ఔ” అంది ఆమె నెమ్మదిగా. “కుక్క పట్టిన్నాడు ఇరిగింది.” బొటనవేలు తడి చేసుకుని, కుట్టు వెంబడి రాసి, మెల్లగా ఆ పేజీ చించింది. నా పుస్తకాల మీద పిల్లలు చొంగ కార్చగా చూశాను, పాలు ఒలకబోయగా చూశాను, నమలగా కూడా చూశాను. అంత మర్యాదగా చించగా అదే మొదటిసారి చూడడం.

మాట ఇల్లిల్లూ పాకినట్టుంది. పొద్దు వాలేలోపు పందిరి ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఒక్కొక్క కాగితం. అత్త మంచం మీద లేచి కూర్చుని, వీళ్లు తనను ఏదో అనడానికే వచ్చారనుకుని తల వంచుకుంది. ఎదురింటి కోడలు ముందుకు వచ్చి, రెండు అరచేతుల్లో పేజీ పెట్టి చాపింది.

“ఏందిది?” అంది అత్త.

“రెక్క, పెద్దమ్మా.”

అత్త ఆ చేతుల వైపు చూసింది. తర్వాత పేజీ తీసుకుని మోకాలి మీద పరిచింది. ఎప్పుడూ చేసినట్టే బొటనవేలితో దువ్వింది. “ఈ గుడ్డ ఎవురిది మెడకి?”

“ఆ గుడ్డ మీ అల్లుడిదిలే. కోడి మాది.”

“కోడి మీదే. గోరు చూస్తాండా” అంది అత్త. “పాలు తీరింది” అంది.

ఒక్కొక్కరే వచ్చారు. పరాయి గడపలో గుడ్డు పెడుతున్న కోడి, ఒకరి అన్నం కుండ మీద కూర్చున్న కోడి, కళ్లజోడు పెట్టుకుని గింజల మీద తీర్పు చెబుతున్న కోడి. పిల్లల్ని నవ్వించడానికి నేను పెట్టిన ప్రతి వేషమూ అక్కడ రెండు చేతుల్లో సాగి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అత్త ప్రతిదాన్నీ విప్పి, దువ్వి, ముక్కు వంకర, తోక తెలుపు, ఏదో ఒక గుర్తు చెప్పి, ఆ మాట అనేది. ఒకామె ఇంట్లో చంటివాడు పేజీ నమిలేశాడు. తోకా, కింది వాక్యంలో నాలుగు అక్షరాలూ మాత్రం మిగిలిన ముక్క పట్టుకుని సిగ్గుపడుతూ నిలబడింది. అత్త ఆ ముక్కను కూడా దువ్వింది.

అందరివీ అయ్యాక ఎదురింటి కోడలే అంది: “కోపంతో రాకపోల్యా పెద్దమ్మా. సిగ్గుపడి రాల్యా. నువ్వు పిలవకుంటే మా పిల్లోళ్లు వాటి ఎంట కంపల్లో దూరి పట్టుకుంటాండ్రి.”

అత్త ఇంట్లో ఉన్న పుస్తకం తెమ్మని కూతురికి చెప్పింది. తాసిల్దారు గోడెక్కి కూస్తున్న పేజీ తీసి, తనే చించింది. కాస్త వంకరగా చినిగింది. మంచం దిగి నిలబడి, ఆ పేజీని రెండు చేతుల్లో పెట్టి ఎదురింటి కోడలి ముందు చాపింది. “నాది నువ్వు చూడు” అంది.

కోడిగల ఆసామి రెక్క చూపించడం ఆ వీధిలో ఎవరూ వినలేదు, కనలేదు. ఆ కోడలు ఒకడుగు వెనక్కి వేసింది. తర్వాత చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. మోకాలి మీద పరిచే పద్ధతి తెలియక అరచేతిలోనే పరిచి, బొటనవేలితో ఈకలు దువ్వింది. “ఆ పొద్దు గూడా లేటుగానే వచ్చె” అంది. పందిరి కింద ఎవరో ముక్కు చీదారు. “పాలు తీరింది, పెద్దమ్మా.”

ఆ సాయంత్రం అత్త మజ్జిగన్నం తిన్నది. సగమే. అదీ మా ఆవిడ పెట్టింది కాదు, ఎదురింటి కోడలు తన ఇంటినుంచి తెచ్చి పెట్టింది. పేజీలన్నీ, రెక్కలు ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి. అత్త స్వయంగా దిబ్బలో వేసి, పైన రెండు గంపల పేడ పోయించింది.

ఆ తర్వాత ఆమె ఒక్క పంటే చూసింది. పందిరి మాత్రం మళ్లీ నిండింది. కోళ్లు పెంచుకోవచ్చని కబురు వచ్చినప్పుడు, ఎదురింటి కోడలు ఎక్కడినుంచో రెండు పిల్లల్ని గంప కింద పెట్టి తెచ్చింది. “నీకాడ పెట్టుకో. ఈసారి కోడి మాది, సాకేది నువ్వు” అని నవ్వించబోయింది. “మీరు సాక్కోండమ్మా. నాకు మళ్లా పిలిచే గొంతు ల్యా” అంది అత్త. తినేది, మాట్లాడేది, నా అబద్ధాలను మునుపటిలాగే సగంలో పట్టుకునేది. సాయంత్రం కోళ్లను లోపలికి తోలే వేళ మాత్రం పందిట్లోంచి లేచి ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేది. మరుసటి ఎండాకాలం, పొద్దున లేపబోతే లేవలేదు.

కర్మలయ్యాక, గుత్తకు చేసేవాళ్లు పొలానికి తోలుకోడానికి ట్రాక్టరు తెచ్చి దిబ్బ తవ్వారు. పనేమీ లేకపోయినా నేను అక్కడే నిలబడ్డాను. పార దిగిన ప్రతిసారీ, ఎన్నేళ్లనాటివో, ఎన్ని ఇళ్లవో, కోళ్ల రెక్కలు పైకి లేచాయి. ఎర్రవి, నల్లవి, చుక్కలవి, కొన్నిటికి రంగు కూడా పోలేదు. నా పేజీల కోసం అడుగుదాకా చూశాను. మఫ్లరు లేదు, కళ్లజోడు లేదు, తెలుగు వాక్యమూ లేదు, కన్నడ వాక్యమూ లేదు. “ఏమన్నా పడేసుకున్న్యావాన్నా?” అని పారవాడు అడిగాడు. ఏమీ లేదన్నాను. కాగితాన్ని కాలం ఒక్క వానలో తినేసింది. ఆ ఈకల దగ్గరికి రావడానికి మాత్రం దానికి ఇంకా తీరిక దొరకలేదు.